వీడియోకి ముహూర్తం చూడాలా? ఏ టైమ్‌కి పబ్లిష్ చేస్తే ఎక్కువ మందికి చేరుతుంది?

పట్టికల పాఠం:

అందరికీ నమస్కారం. స్ప్రెడ్‌షీట్ పాఠాలు చెప్పే నా యూట్యూబ్ ఛానల్ గురించి అడుగుతున్నాను. సబ్‌స్క్రైబర్లు 6,200. వారానికి రెండు వీడియోలు, ఒక్కోటి 10 నుంచి 14 నిమిషాలు. పబ్లిష్ చేసే వేళ మారిస్తే వ్యూస్ పెరుగుతాయేమో చూద్దామని నాలుగు వీడియోలు ఉదయం 7కి, నాలుగు రాత్రి 8కి పెట్టాను. మొదటి 24 గంటల్లో వచ్చిన వ్యూస్ ఇవి:

ఉదయం: 310, 420, 280, 390
రాత్రి: 300, 340, 850, 410

సగటు తీస్తే ఉదయం 350, రాత్రి 475. అంటే రాత్రికి 36 శాతం ఎక్కువ. ఇక అన్నీ రాత్రికే మార్చేయమంటారా? యూట్యూబ్ స్టూడియోలో, చూసేవాళ్లు ఏ గంటల్లో ఉంటారో చూపించే ఊదారంగు పట్టీల బొమ్మ కూడా సాయంత్రం 6 నుంచి 10 దాకా ముదురుగా కనిపిస్తోంది. సరిగ్గా ఆ ముదురు గంటలో పెట్టాలా, అంతకుముందే పెట్టాలా? మొదటి గంటలో వ్యూస్ రాకపోతే యూట్యూబ్ ఆ వీడియోని పక్కన పడేస్తుందని చాలామంది అంటున్నారు, నిజమేనా? షార్ట్స్‌కీ ఇదే లెక్కా?

సెర్చ్‌పిట్ట:

టైమ్ సంగతి తర్వాత. ముందు ఒక్క పేజీ చూసి చెప్పండి. ఎనలిటిక్స్‌లో అడ్వాన్స్‌డ్ మోడ్ తెరిచి, గత 90 రోజులు పెట్టి, ట్రాఫిక్ సోర్స్ (వ్యూస్ ఎక్కడెక్కడి నుంచి వచ్చాయన్న లెక్క) చూడండి. యూట్యూబ్ సెర్చ్ ఎంత, బ్రౌజ్ ఫీచర్స్ (హోమ్ పేజీ, సబ్‌స్క్రిప్షన్స్ లాంటివి) ఎంత, సజెస్టెడ్ (వేరే వీడియో పక్కన చూపించేవి) ఎంత, నోటిఫికేషన్లు ఎంత? అలాగే 90 రోజులు దాటిన మామూలు వీడియో ఒకదానికి ఇప్పటికి మొత్తం ఎన్ని వ్యూస్ వచ్చాయి? ఈ అయిదారు అంకెలు లేకుండా ఎవరు ఏ టైమ్ చెప్పినా అది జాతకం చూడకుండా పెట్టిన ముహూర్తమే.

పట్టికల పాఠం:

చూశానండి. సెర్చ్ 46 శాతం, సజెస్టెడ్ 24, బ్రౌజ్ 17, బయటి సైట్ల నుంచి 5, నోటిఫికేషన్లు 2, మిగతావన్నీ కలిపి 6. మూడు నెలలు దాటిన మామూలు వీడియోకి 4,000 దాకా వస్తున్నాయి.

సెర్చ్‌పిట్ట:

అయితే సగం జవాబు అందులోనే ఉంది. 4,000లో మొదటి రోజు వాటా 350. అంటే తొమ్మిది శాతం కూడా లేదు. మంచి వేళ దొరికి మొదటి రోజు 20 శాతం పెరిగిందనుకుందాం, అప్పుడు అదనంగా వచ్చేవి 70 వ్యూస్. 4,000 మీద అది 1.75 శాతం. టైటిల్‌లో ఒక మాట సరిచేసినా ఇంతకంటే ఎక్కువే రావచ్చు.

దీనికి కారణం ఉంది. సెర్చ్‌లో వచ్చేవాడికి మీరు వీడియో ఎప్పుడు పెట్టారో పట్టదు. వాడి షీట్‌లో ఫార్ములా తప్పు చూపించిన రోజున వెతుక్కుంటూ వస్తాడు. హోమ్ పేజీ కూడా మీరు వీడియో పెట్టిన క్షణాన తయారవ్వదు, చూసేవాళ్లు యాప్ తెరిచినప్పుడు తయారవుతుంది. ఆ మనిషి ఇంతకుముందు ఏం చూశాడు, ఇలాంటివాళ్లకి ఏం నచ్చింది అన్నదాన్ని బట్టి వీడియోలు వరసలోకి వస్తాయి. నిన్నటిదైనా, ఏడాది కిందటిదైనా ఆ వరసలోకి రావచ్చు.

పబ్లిష్ చేసిన వేళ ప్రభావం నేరుగా పడే చోట్లు కొన్నే. ఒకటి, బెల్ నోటిఫికేషన్. రెండు, సబ్‌స్క్రిప్షన్స్ ట్యాబ్, ఎందుకంటే అక్కడ వరస చాలావరకు కాలక్రమంలో ఉంటుంది, కొత్తది పైన. మూడు, లైవ్, ప్రీమియర్ (రికార్డు చేసిన వీడియోని చెప్పిన వేళకి అందరూ కలిసి చూసేలా విడుదల చేయడం). ఇవి కాక, ఆ రోజు వార్తల్లో ఉన్న విషయం మీద చేసిన వీడియో. అలాంటి వీడియోకి మాత్రం ముదురు పట్టీ కోసం కాచుకోకూడదు, తయారైన మరుక్షణం వదిలేయాలి. ఆ వెతుకులాట సాయంత్రానికి చల్లారిపోవచ్చు.

మొదటి గంట మాట: యూట్యూబ్ తన సహాయ పేజీలోనే రాసింది, పబ్లిష్ చేసిన వేళ వీడియో దీర్ఘకాలపు పనితీరు మీద నేరుగా ప్రభావం చూపుతుందని తెలియదని. మొదటి గంట నెమ్మదిగా నడిచినంత మాత్రాన వీడియో చచ్చిపోదు. మొదటి గంటలో ఇరవై మంది చూసి ఇరవై మందీ అరనిమిషంలో వెళ్లిపోతే అది వేరే జబ్బు, దానికి గడియారంతో వైద్యం లేదు.

లెక్కలబడి:

ఆ 36 శాతం సంగతి నేను చెప్తాను. రాత్రి వరసలో 850ని చేత్తో మూసి మిగతా మూడూ కలపండి. 300, 340, 410, మొత్తం 1,050. మూడుతో భాగిస్తే 350. సరిగ్గా మీ ఉదయం సగటు! అంటే ఆ తేడా మొత్తం ఒక్క వీడియోది, రాత్రి 8ది కాదు. సగటు బదులు మధ్యస్థం (అంకెల్ని వరసలో పేరిస్తే నడిమికి వచ్చేది) తీసినా ఇదే కనిపిస్తుంది: ఉదయం 350, రాత్రి 375. 36 శాతం కాస్తా 7 శాతానికి దిగింది. కాకి వాలింది, తాటిపండు రాలింది. 850 వచ్చిన వీడియో దేని గురించి?

పట్టికల పాఠం:

పివోట్ టేబుల్ (పెద్ద పట్టికని కుదించి మొత్తాలు చూపించే సాధనం) మొదటి పాఠం. మిగతావి చిన్న చిన్న ఫంక్షన్ల మీద. ఒకటి ప్రింట్ సెట్టింగుల మీద.

లెక్కలబడి:

అంతే మరి. పివోట్ టేబుల్‌ని తెల్లవారుజామున మూడింటికి పెట్టినా అది ప్రింట్ సెట్టింగులని దాటేసేది.

ఈ పరీక్ష నిజంగా తేలాలంటే ఎన్ని వీడియోలు కావాలో వేసి చూద్దాం. గణాంకాల్లో చేతిలెక్క ఒకటి ఉంది. వీడియోకీ వీడియోకీ మధ్య మామూలుగా ఉండే ఊగిసలాటని, మీరు కనిపెట్టాలనుకున్న తేడాతో భాగించి, వర్గం చేసి, 16తో గుణిస్తే ఒక్కో వైపుకి కావలసిన వీడియోల సంఖ్య వస్తుంది. మీ ఎనిమిది అంకెల ప్రామాణిక విచలనం 184, సగటు 412. అంటే ఊగిసలాట 45 శాతం. 20 శాతం తేడాని పట్టుకోవాలంటే 45ని 20తో భాగిస్తే 2.25, వర్గం 5.06, దాన్ని 16తో గుణిస్తే 81. ఒక్కో వైపు 81, రెండు వైపులా 162 వీడియోలు. వారానికి రెండు చొప్పున ఏడాదిన్నర పైనే పడుతుంది. ఈలోగా మీ సబ్‌స్క్రైబర్లు మారతారు, మీ ఎడిటింగ్ మారుతుంది, యూట్యూబ్ కూడా మారుతుంది.

50 శాతం తేడా అయితే ఒక్కో వైపు 13 వీడియోలు చాలు. రెట్టింపు తేడా అయితే నాలుగు సరిపోతాయి. మీరు నాలుగేసి పెట్టారు, రెట్టింపు కనిపించలేదు. కాబట్టి ఇప్పటికి కాస్త ధైర్యంగా అనగలిగింది ఒక్కటే: ఈ రెండు వేళల మధ్య భారీ తేడా ఏదీ లేదు. ఉంటే కంటికి ఆనేది. ఇది కూడా పనికొచ్చే ఫలితమేనండి, తీసిపారేయకండి.

అయినా పరీక్ష కొనసాగిస్తానంటే కొన్ని జాగ్రత్తలు. నాలుగు వారాలు ఉదయం, ఆ తర్వాత నాలుగు వారాలు రాత్రి అని విడగొట్టొద్దు. ఈ మధ్యలో సెలవులొచ్చినా, ఏదో వీడియో పేలినా లెక్క చెడుతుంది. వారంలో రెండు వీడియోలు వస్తున్నాయి కాబట్టి ఒకటి ఉదయం, ఒకటి రాత్రి పెట్టండి. ఏది ఎప్పుడన్నది నాణెం ఎగరేసి తేల్చండి. మీకు నచ్చిన వీడియోని మీకు నచ్చిన వేళకి పెట్టేస్తే ఫలితం ముందే రాసుకున్నట్టే. పెద్ద టాపిక్‌ని పెద్ద టాపిక్‌తో, చిన్నదాన్ని చిన్నదానితో జత కట్టి పోల్చండి. వారాన్ని కూడా కలిపి తిప్పకండి, ఆదివారం రాత్రిని బుధవారం ఉదయంతో పోలిస్తే అది గంట ఫలితమో వారం ఫలితమో ఎవరూ చెప్పలేరు. ఇంకోటి, స్టూడియోలో థంబ్‌నెయిల్ పోలిక పరీక్ష నడుస్తున్న వీడియోలని ఇందులో కలపొద్దు. అది మూడు దాకా బొమ్మలని మార్చి మార్చి చూపిస్తుంది, ఫలితం తేలడానికి రెండు వారాలు కూడా పట్టొచ్చు. ఒకే వీడియో మీద రెండు పరీక్షలు నడిపితే రెండూ పాడవుతాయి.

కొలిచే చోట పెద్ద గోతి ఒకటి ఉంది. ఎనలిటిక్స్‌లో తేదీలవారీ పట్టికలో ఒక రోజు అంటే మీ రోజు కాదు, అమెరికా పశ్చిమ తీరపు రోజు. అక్కడి అర్ధరాత్రికి తేదీ మారుతుంది. మీరు ఉదయం పెట్టిన వీడియోకి ఆ పట్టికలో మొదటి రోజు కింద కొన్ని గంటలే పడొచ్చు, రాత్రి పెట్టినదానికి అంతకంటే చాలా ఎక్కువ గంటలు పడొచ్చు. ఆ గడి చూసి రాత్రి గొప్పదని తేల్చినవాళ్లు ఎంతమందో! వీడియో పెట్టిన క్షణం నుంచి లెక్కించే మొదటి 24 గంటల పోలికే వాడండి. డాష్‌బోర్డులో పదింటిలో ఎన్నోది అని చూపించే ర్యాంకు కూడా నయమే, అది పాత వీడియోలని ఇప్పటి వీడియో వయసు దగ్గరే నిలబెట్టి పోలుస్తుంది. దాంతో పాటు ఏడు రోజుల అంకె తప్పనిసరిగా రాసుకోండి. మొదటి రోజు ముందున్న వీడియో వారానికి సమానమైపోతే మీరు కొత్తవాళ్లని తేలేదు, రేపు చూసేవాళ్లని ఇవాళ చూసేలా చేశారంతే.

నిద్రలేని ఎడిటర్:

ఊదారంగు పట్టీల మాట ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుకుంటా.

ఆడియన్స్ ట్యాబ్‌లో ఉండే ఆ బొమ్మ గత 28 రోజులది, మీ స్థానిక కాలమానంలో ఉంటుంది. అది చెప్పేది: మీ ఛానల్ చూసేవాళ్లు యూట్యూబ్‌లో ఏ గంటల్లో ఉంటున్నారు అని. మీ ఛానల్‌లో అని కాదు, మొత్తం యూట్యూబ్‌లో. పాటలు వింటున్నారో, క్రికెట్ చూస్తున్నారో, పిల్లాడికి బొమ్మలు పెట్టి ఫోన్ ఇచ్చారో దానికి తెలియదు. రాత్రి తొమ్మిదింటికి స్ప్రెడ్‌షీట్ నేర్చుకునే ఓపిక ఎంతమందికి ఉంటుంది చెప్పండి? ముదురు పట్టీ అంటే జనం ఉన్నారని అర్థం, వాళ్లు మీ పాఠానికి సిద్ధంగా ఉన్నారని కాదు. ఆ గంటలో మిగతా ఛానళ్లన్నీ కూడా అక్కడే కాచుకుని ఉంటాయి.

అందులో అంకెలు లేవు, రంగు మాత్రమే. అన్నిటికంటే ముదురుగా ఉన్నదానికీ పక్కదానికీ తేడా ఎంతో తెలియదు. ఛానల్ చిన్నదైతే బొమ్మే రాదు, సరిపడా డేటా లేదని చెప్తుంది.

అయితే దాన్ని ఇలా వాడుకోవచ్చు. పట్టీలు లేతరంగు నుంచి ముదురుకి ఎక్కడం మొదలయ్యే గంట పట్టుకోండి. మీకు 6కి ముదురుతుంది కాబట్టి 4 లేదా 5. నోటిఫికేషన్ చూసి వచ్చే నమ్మకస్తులు ముందు చూస్తారు, జనం పోగయ్యే సరికి వీడియో మీద కొన్ని చూపులూ కామెంట్లూ ఉంటాయి. ఇది శాస్త్రం కాదు, సర్దుబాటు. దీనివల్ల పోయేదేమీ లేదు కాబట్టి చెప్తున్నా.

నా లెక్కలో వేళ ఎంచుకోడానికి అసలు కారణం వేరే. పబ్లిష్ అయ్యాక కనీసం గంటసేపు మీరు మేలుకుని, కంప్యూటర్ ముందు ఉండాలి. యూట్యూబ్‌లో వీడియో ఫైలు మార్చడం కుదరదు. ఎడిటర్‌లో ముక్క కోయొచ్చు, బ్లర్ చేయొచ్చు, లైబ్రరీలోని సంగీతం వేయొచ్చు, తప్పుని కొత్తగా రికార్డు చేసి అతికించడం మాత్రం కుదరదు. నాలుగో నిమిషంలో ఆడియో పోయిందనో, ఫార్ములాలో బ్రాకెట్ తప్పిందనో మొదటి కామెంట్ వచ్చినప్పుడు వ్యూస్ 20 ఉంటే తీసేసి మళ్లీ ఎక్కించొచ్చు. మీరు పెట్టేసి నిద్రపోయి, లేచేసరికి 300 దాటి ఉంటే ఆ వ్యూస్, కామెంట్లు, షేర్ అయిన లింకు అన్నీ వదులుకోవాలి. అప్పుడు పిన్ చేసిన కామెంట్‌లో సవరణ పెట్టి సరిపెట్టుకోవడమే. కాబట్టి రాత్రి 11కి ముదురుగా ఉందని 11కి పెట్టి పడుకోకండి.

షెడ్యూల్ డబ్బా:

పైవాళ్లు చెప్పినవన్నీ ఒప్పుకుంటూ, చేతిపని దగ్గర జరిగే పొరపాట్లు చెప్తాను. వేళ సరిగ్గా ఎంచుకుని మిగతాది చెడగొట్టేవాళ్లే ఎక్కువ.

ముందు ప్రాసెసింగ్. అప్‌లోడ్ అవగానే తక్కువ నాణ్యతలో వీడియో సిద్ధమవుతుంది, హెచ్‌డీ, 4కే తర్వాత వస్తాయి. 60 నిమిషాల 4కే వీడియో, సెకనుకు 30 ఫ్రేములైతే, పూర్తి కావడానికి నాలుగు గంటల దాకా పట్టొచ్చని యూట్యూబే చెప్తుంది. 60 ఫ్రేములైతే ఇంకా ఎక్కువ. స్ప్రెడ్‌షీట్ పాఠానికి ఇది ప్రాణం. 360 నాణ్యతలో గడుల్లో అంకెలు అలుక్కుపోతాయి, మొదట వచ్చిన నమ్మకస్తులే కనిపించట్లేదని వెళ్లిపోతారు. అందుకని ముందు రోజే ప్రైవేట్‌గా ఎక్కించి, వీడియో తెరిచి, గేర్ గుర్తు నొక్కి 1080 నాణ్యత వచ్చిందో లేదో కంటితో చూశాకే షెడ్యూల్ నమ్మండి. కాపీరైట్ తనిఖీ, ప్రకటనలుంటే వాటి తనిఖీ కూడా ఈలోగా అయిపోతాయి. నేపథ్యంలో వేసిన సంగీతం తమదని ఎవరైనా హక్కు చూపిస్తే (క్లెయిమ్) జనం చూడకముందే మార్చుకోవచ్చు.

షెడ్యూల్ పెట్టేటప్పుడు తేదీ, గంటతో పాటు టైమ్‌జోన్ కూడా చదవండి. 12 దగ్గర బోల్తా పడేవాళ్లు చాలామంది: ఏఎం 12 అంటే ఆ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి. శుక్రవారం రాత్రి అనుకుని శుక్రవారం 12 ఏఎం పెడితే అది గురువారం రాత్రే బయటికొచ్చేస్తుంది.

వివరాల పేజీలో ‘షో మోర్’ కింద సబ్‌స్క్రైబర్లకి తెలియజేయాలా అనే టిక్కు ఉంటుంది. మామూలుగా అది ఉండాలి. పాత పాఠాలు ఒకేసారి పదిహేను ఎక్కిస్తున్నప్పుడు మాత్రం తీసేయండి. బెల్‌లో ‘ఆల్’ పెట్టుకున్నవాళ్లకి కూడా ఒక ఛానల్ నుంచి 24 గంటల్లో మూడు నోటిఫికేషన్ల దాకానే వెళ్తాయి. ఉదయం మూడు షార్ట్స్‌తో ఆ మూడూ వాడేసుకుంటే సాయంత్రం పెట్టిన పెద్ద పాఠానికి గంట మోగదు. పిల్లల కోసం చేసినదని గుర్తు పెట్టిన వీడియోకి అసలు నోటిఫికేషనే పోదు. పొరపాటున ఆ గుర్తు పెట్టి, వేళ బాలేదని బాధపడేవాళ్లున్నారు. ఇంకా, బెల్ అసలు ముట్టుకోనివాళ్లకి వచ్చేది ‘పర్సనలైజ్డ్’, అంటే అన్నీ రావు, యూట్యూబ్ ఏరినవే వస్తాయి. మీకు నోటిఫికేషన్ల వాటా 2 శాతమే ఉండటం వింతేం కాదు.

ఛానల్ మీద కమ్యూనిటీ గైడ్‌లైన్స్ స్ట్రైక్ (నియమాలు మీరినందుకు యూట్యూబ్ వేసే శిక్ష) పడితే ఆ శిక్షాకాలంలో షెడ్యూల్ చేసిన వీడియోలు బయటికి రావు, ప్రైవేట్‌గానే ఉండిపోతాయి. గడువు తీరాక ఒక్కోదాన్నీ మళ్లీ షెడ్యూల్ చేసుకోవాలి. నెలకి సరిపడా ముందే పేర్చుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

పట్టికల పాఠం:

షార్ట్స్ సంగతి? ప్రీమియర్ పెడితే మేలని కూడా ఒకరన్నారు. నా ప్రేక్షకుల్లో పాతిక శాతం వేరే దేశాల్లో ఉన్నారు, వాళ్లకోసం ఏదైనా మార్చాలా?

నిద్రలేని ఎడిటర్:

షార్ట్స్‌కి వేళ ఇంకా తక్కువ లెక్క. ఆ ఫీడ్ కాలక్రమంలో నడవదు, వేలితో తోస్తూ పోయేవాళ్లకి ఎవరికి ఎప్పుడు చూపిస్తుందో దాని ఇష్టం. మొదటి రెండు రోజులు పడుకుని అయిదో రోజు లేచే షార్ట్స్ మామూలే. కాబట్టి షార్ట్‌ని 24 గంటలకి కొలవకండి, రెండు వారాలు ఆగండి. పాత అంకెలతో పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త: 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు వ్యూ కింద లెక్కిస్తున్నారు, మళ్లీ తిరిగినా మళ్లీ లెక్కే. అంతకుముందటి కొలత ‘ఎంగేజ్డ్ వ్యూస్’ అనే పేరుతో అడ్వాన్స్‌డ్ మోడ్‌లో దొరుకుతుంది. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న షార్ట్స్‌ని మామూలు వ్యూస్‌తో పోల్చి, వేళ మార్చాక పెరిగాయని సంబరపడితే ఆ సంబరం కొలత మారినందుకే.

ప్రీమియర్ మీకు వద్దు. ప్రీమియర్ నడుస్తుండగా చూసేవాళ్లు వెనక్కి జరగగలరు గానీ ముందుకు జరగలేరు. పాఠం చూసేవాడు మొదటి రెండు నిమిషాలు దాటేసి తనకి కావలసిన ఫార్ములా దగ్గరికి పోవాలనుకుంటాడు. వాడిని కుర్చీలో కట్టేస్తే లేచి పోతాడు. రిమైండర్ పెట్టుకున్నవాళ్లకి సుమారు అరగంట ముందు ఒకసారి, మొదలయ్యాక ఒకసారి కబురు వెళ్తుంది, అదొక్కటే దానిలో లాభం. కలిసి చూడాలనే ఉత్సాహం ఉన్న ఛానళ్లకి అది బాగుంటుంది.

లైవ్ సంగతి పూర్తిగా వేరు. సందేహాలు తీర్చే లైవ్ పెట్టే ఉద్దేశం ఉంటే అక్కడ ఊదారంగు బొమ్మని నమ్మొచ్చు. ఆ గంటలో లేనివాడు లైవ్‌కి రాలేడు కదా. ముదురు పట్టీ గంటనే ఎంచుకుని, ఒకట్రెండు రోజుల ముందే షెడ్యూల్ చేసి లింకు పంచండి.

షెడ్యూల్ డబ్బా:

వేరే దేశాల పాతిక శాతం గురించి. ముందు చూడాల్సింది ఆ పాతిక ఎక్కడెక్కడ చెదిరి ఉందో. ఒకే దేశమైతే ఆలోచించొచ్చు, పది దేశాలైతే వదిలేయండి. ఊదారంగు బొమ్మలో రెండు గుట్టలు కనిపిస్తున్నాయా? ఒకటి మీ సాయంత్రం, ఇంకోటి మీ తెల్లవారుజాము అయితే ఆ రెండోది వాళ్లదై ఉంటుంది. ఆ పాతిక కోసం ముప్పావు వంతుని ఇబ్బంది పెట్టడం దండగ. వాళ్లు లేచి యాప్ తెరిచినప్పుడు సబ్‌స్క్రిప్షన్స్‌లో మీ వీడియో కాస్త కిందికి జరిగి ఉంటుంది, అంతే.

వాళ్లకోసమే లైవ్ పెడితే మాత్రం గడియారం మార్పులు గుర్తుంచుకోండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి. ఐరోపాలో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు వసంతంలో, ఒక వారం శరత్తులో ఈ రెండు చోట్ల మధ్య మామూలుగా ఉండే తేడా గంట జరుగుతుంది. గడియారం మార్చని దేశంలో కూర్చుని ఎప్పటిలాగే షెడ్యూల్ చేస్తే, వాళ్ల గడియారం మారిన రోజు నుంచి వాళ్లకి గంట తేడాతో అందుతుంది. ‘చెప్పిన టైమ్‌కి రాలేదేం’ అనే కామెంట్లు గడియారం మారిన వారాల్లోనే పడతాయి.

సెర్చ్‌పిట్ట:

అందరూ గడియారం చూస్తున్నారు, ఈ ఛానల్‌కి పనికొచ్చేది క్యాలెండర్. సెర్చ్ 46 శాతం ఉన్నవాళ్లకి ఏ గంట అన్నది కాదు, ఏ నెల అన్నదే ముఖ్యం.

గూగుల్ ట్రెండ్స్ తెరవండి. మాట టైప్ చేశాక వెబ్ సెర్చ్ అని ఉన్న చోట నొక్కి యూట్యూబ్ సెర్చ్‌కి మార్చండి. ఇది చాలామంది మరిచిపోతారు, రెంటి గీతలూ ఒకలా ఉండవు. వ్యవధి అయిదేళ్లు పెట్టండి. 0 నుంచి 100 దాకా గీత వస్తుంది. 100 అంటే ఆ వ్యవధిలో అత్యధికం, అసలు సంఖ్య కాదు. బడ్జెట్ షీట్, హాజరు పట్టిక, జీతాల లెక్క, మార్కుల జాబితా, ఇలా మీ టాపిక్‌లు ఒక్కొక్కటిగా వేసి చూడండి. కొన్నిటికి గీత ఏడాది పొడుగునా చదునుగా ఉంటుంది, కొన్నిటికి ప్రతి ఏడూ ఒకే నెలలో ముల్లులా లేస్తుంది. ముల్లున్నవాటికి శిఖరం కాదు, గీత నేల విడిచే వారం రాసుకోండి. వీడియో దానికి మూడు నాలుగు వారాల ముందు ఉండాలి. ఎవరు వెతికితే చూపించాలో, చూపిస్తే ఎంతసేపు చూస్తున్నారో సెర్చ్‌కి తెలియడానికి ఆమాత్రం వ్యవధి కావాలి. శిఖరం రోజున పెడితే అప్పటికే పాతుకుపోయిన వీడియోల కింద నిలబడతారు.

కిందటేడు పెట్టిన అలాంటి వీడియో మీ దగ్గర ఉంటే కొత్తది చేసే ముందు దాన్ని చూడండి. సీజన్ మొదలవకముందే టైటిల్, థంబ్‌నెయిల్, వివరణ సరిచేసి, కొత్త వెర్షన్‌లో మెనూ మారి ఉంటే పిన్ చేసిన కామెంట్‌లో చెప్తే చాలాసార్లు అదే మళ్లీ లేస్తుంది. మెనూలు మొత్తం మారిపోయి ఉంటే కొత్తది చేసి, పాతదాని ఎండ్ స్క్రీన్ (వీడియో చివర్లో వచ్చే లింకులు) నుంచి కొత్తదానికి దారి పెట్టండి.

పట్టికల పాఠం:

అర్థమైంది. అయితే ఇలా అనుకుంటున్నా: రెండు వీడియోలూ మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం 5కి. ముందు రోజు రాత్రే ప్రైవేట్‌గా ఎక్కించి, 1080 చూసుకుని షెడ్యూల్. షార్ట్స్ ఎప్పుడు వీలైతే అప్పుడు, కానీ పెద్ద వీడియో రోజున ఒకటికి మించి వద్దు. ఉదయం, రాత్రి పరీక్ష ఆపేస్తున్నా. ట్రెండ్స్‌లో మూడు టాపిక్‌లు చూశాను, వాటిలో ఒకటి ఇంకో రెండు నెలల్లో లేవబోతోంది, అది ముందుకి జరుపుతా. ఇందులో ఏమైనా తేడా ఉందా?

లెక్కలబడి:

ఒక్కటే. ఇప్పుడు అన్నీ 5కి మార్చి, అదే నెలలో సీజన్ టాపిక్ కూడా పెడుతున్నారు. మూడు నెలల తర్వాత వ్యూస్ పెరిగితే 5 గంటల మహిమ అనుకుంటారు. షీట్‌లో ఆ వీడియో వరసకి వేరే రంగు వేసుకోండి, సగటులో కలపకండి.

నిద్రలేని ఎడిటర్:

శుక్రవారం 5కి మీరు నిజంగా కంప్యూటర్ ముందు ఉంటారా? లేకపోతే గురువారం పెట్టండి.